ఎకరం పక్కన చుక్క

ప్రశ్న: అక్కా, దేవరకొండ దగ్గర ఒక సహకార సంఘంలో పనిచేస్తున్నాను. రైతుల పాస్ పుస్తకాలు చూసి భూముల విస్తీర్ణం అంతా ఎక్సెల్‌లో ఎక్కించాను. మొత్తం వేస్తే, మా పాత గుమాస్తా రిజిస్టర్‌లో చేత్తో వేసిన దానికన్నా ప్రతి ఊరికీ తక్కువే వస్తోంది. మూడుసార్లు సరిచూశాను, ఒక్క అంకె తప్పు లేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: తమ్ముడూ, నీ అంకెలు సరిగ్గానే ఉన్నాయి. తప్పంతా మధ్యలో ఉన్న చుక్కది. పాస్ పుస్తకంలో 2.30 అని ఉంటే మనకు రెండెకరాల ముప్పై గుంటలు. ఎక్సెల్‌కు గుంటల సంగతి ఎవరు చెప్పారు? అది చుక్క తర్వాత ఉన్నదాన్ని వందలో ముప్పై వంతులు అనుకుంటుంది. మనకు 40 గుంటలకు ఎకరం నిండితే, దానికి 100 అయితే గానీ నిండదు. అందుకే నీ మొత్తం ఎప్పుడూ తక్కువే వస్తుంది, పొరపాటున కూడా ఎక్కువ రాదు. కోస్తాలో సెంట్లలో రాసుకుంటారు, వంద సెంట్లకు ఎకరం కాబట్టి వాళ్లకు ఈ బాధ లేదు.

మూడు కమతాలు తీసుకో: 1.25, 2.30, 0.38. ఎక్సెల్ 3.93 అంటుంది. వేళ్ల మీద లెక్కపెడితే మూడెకరాల తొంభై మూడు గుంటలు. అందులో ఎనభై గుంటలు రెండెకరాలు పోతే, మొత్తం ఐదెకరాల పదమూడు గుంటలు. నీ గుమాస్తా వేసింది ఇదే లెక్క.

నేనూ ఇక్కడే బోల్తా పడ్డాను. నల్గొండ క్లాక్ టవర్ దగ్గర జాబ్ వర్క్ షాపు నడిపే రోజుల్లో ఒక ఆఫీసు వాళ్లకు ఇలాంటి జాబితానే చేసి, ప్రింటు తీసి, క్లిప్పు పెట్టి మరీ ఇచ్చాను. జిరాక్స్ కోసం వచ్చి కూర్చున్న ఒక పెద్దాయన ఆ కాగితం తిరగేసి, ‘నలభై దాటితే ఎకరమైతది గద బిడ్డా, నీ మిషన్‌కు తెల్వదా?’ అన్నాడు. చదువుకున్నదాన్ని నేను, వేలిముద్ర వేసేది ఆయన. ఆ రాత్రి కూర్చుని మొత్తం మళ్లీ చేశాను.

ఇప్పుడు నీ పని. ఎకరాలకు ఒక కాలమ్, గుంటలకు ఒక కాలమ్ పెట్టు. గుంటలన్నీ కూడి 40తో భాగించు. వచ్చిన భాగఫలం ఎకరాల్లో కలుపు, మిగిలిన శేషం గుంటలు. ఇప్పటికే ఒకే కాలమ్‌లో కొట్టేశావు కాబట్టి నీకో దొంగదారి చెప్తాను. ఎక్సెల్‌లో డాలర్ అనే ఇంగ్లీషు మాట చివర D, E అనే రెండక్షరాలు చేర్చిన ఫార్ములా (DOLLARDE) ఒకటి ఉంది. అమెరికాలో షేర్ల ధరలు ఒకప్పుడు డాలరులో ఎనిమిదో వంతు, పదహారో వంతు అని చెప్పేవారు, ఆ లెక్కల కోసం పెట్టారు. దానికి 2.30 ఇచ్చి, పక్కన కామా పెట్టి 40 అని రాస్తే 2.75 ఇస్తుంది. అవి అసలైన ఎకరాలు, నిశ్చింతగా కూడుకోవచ్చు. మొత్తం వచ్చాక, డాలర్ చివర F, R చేర్చిన ఫార్ములాతో (DOLLARFR), పక్కన మళ్లీ 40 పెట్టి, మళ్లీ గుంటల్లోకి తెచ్చుకో. పై ఉదాహరణలో 5.325 వస్తుంది, తిప్పితే 5.13. న్యూయార్క్ షేర్లకు చేసిన పనిముట్టు మన దేవరకొండ చెల్కలకు పనికొచ్చింది చూశావా!

ఒకటి గుర్తుంచుకో. 2.30 కొడితే ఎక్సెల్ చివరి సున్నా మింగేసి 2.3 అని చూపిస్తుంది. కంగారుపడకు, అది ముప్పై గుంటలే. మూడు గుంటలైతే 2.03 అని కొట్టాలి. నీ జాబితాలో చుక్క తర్వాత 40, అంతకు మించి ఎక్కడ కనిపించినా ఆ పాస్ పుస్తకం మళ్లీ తెరిచి చూడు.

ప్రశ్న: సర్వే నంబరు 12/3 అని కొడితే 12 మార్చి అయిపోతోంది. 145/2 మాత్రం బాగానే ఉంటోంది. ఇదేం విడ్డూరం అక్కా? – నాగర్‌కర్నూల్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: తేదీలా కనిపించిన ప్రతిదాన్నీ ఎక్సెల్ తేదీ చేసేస్తుంది చెల్లీ. 145వ తేదీ ఏ నెలలోనూ లేదు కాబట్టి అది బతికిపోయింది. తేదీగా మారాక నువ్వు ఆ గడిని టెక్స్ట్‌గా మార్చినా 12/3 తిరిగి రాదు, 46093 లాంటి అంకె వస్తుంది. అది 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టి లెక్కించిన రోజుల సంఖ్య. కాబట్టి కొట్టకముందే కాలమ్ మొత్తాన్ని టెక్స్ట్ చేసుకో. ఈ జబ్బుకు శాస్త్రవేత్తలే దండం పెట్టారు. మార్చ్1, సెప్ట్1 అని పేర్లున్న జన్యువులు తేదీలైపోతుంటే, 2020లో ఆ జన్యువుల పేర్లే మార్చుకున్నారు. మన సర్వే నంబర్లు మార్చుకోలేం కదా.

ఆధార్ నంబరు 2.3ఈ+11 అని కనిపిస్తే భయం లేదు, అంకెలు లోపల భద్రంగానే ఉంటాయి. పదహారు అంకెల ఖాతా నంబరైతే చివరి అంకె సున్నా అయిపోతుంది, ఇక తిరిగి రాదు.

ప్రశ్న: మహబూబ్‌నగర్ జిల్లా జనాభా 2011లో 40 లక్షలకు పైన ఉంది. ఈమధ్య లెక్కల్లో సగం కూడా లేదు. ఇంతమంది వలస పోయారా? – ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: పాలమూరు వలసల సంగతి నిజమే కానీ, ఇక్కడ వలస పోయింది జిల్లాయే. 2016 అక్టోబరు 11న నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి. షాద్‌నగర్ వైపు రంగారెడ్డిలోకి, కొడంగల్ వైపు వికారాబాద్‌లోకి వెళ్లాయి. 2019లో నారాయణపేట కూడా వేరైంది. పేరొక్కటే పాతది, హద్దులు వేరు. పోల్చాలంటే ఊరి స్థాయి నుంచి కట్టుకుంటూ రా. మండలాలూ చీలాయి కాబట్టి వాటినీ నమ్మకు. జనగణనలో ప్రతి ఊరికీ ఒక కోడ్ ఉంటుంది, దాన్ని పట్టుకో. ఊరి పేరుతో జత చేయబోయావా, ఒకే పేరున్న ఊళ్లు నీ దుంప తెంచుతాయి.