అత్త ఇల్లు వదలదు, ఆయన అత్తను వదలడు

ప్రశ్న: కర్నూలులో హంద్రీ ఒడ్డున మా ఇల్లు. ఖాళీ చేయమని మైకులో చెప్పినప్పుడల్లా మా అత్త (72) "మీరు పోండి, నేను యాడికీ రాను" అంటుంది. 2009 వరదకు వదిలిపోయి, తిరిగొచ్చేసరికి బీరువా పగలగొట్టి ఉంది. ఇప్పుడు రెండు ఎనుములు కూడా ఉన్నాయి. ఆమె రాకుంటే మా ఆయనా కదలడు. ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఈ మొండితనంతో ఎలా వేగేది?

జవాబు: అది మొండితనం కాదమ్మా, లెక్క. నీళ్లు వస్తాయో రావో తెలీదు, బీరువా పోయిన మాట మాత్రం ఖాయం. మైకు మోగినా నీళ్లు రాని ప్రతిసారీ ఆ లెక్కే నిజమనిపిస్తుంది. అమెరికాలో 2005 కత్రినా తుపానుకు కుక్కల్ని, పిల్లుల్ని వదల్లేక ఆగిపోయినవాళ్లు చాలామంది. మరుసటి ఏడాదే, తరలింపు ప్రణాళికలో పెంపుడు జంతువుల్నీ చేర్చాలని అక్కడ చట్టం తెచ్చారు. మీ ఎనుముల సంగతీ అంతే.

కాబట్టి "ఎందుకు రావు?" అని కాదు, "దేన్ని వదల్లేకున్నావు?" అని అడగండి. వాన లేని రోజున అడగాలి. మీరు కాదు, ఆమె తమ్ముడో కూతురో అడిగితే మేలు. కోడలి నోట అదే మాట "ఇంట్లోంచి పంపేస్తోంది" అన్నట్టు వినబడుతుంది.

బంగారం వానాకాలానికి ముందే బ్యాంకు లాకర్‌కు చేరాలి. ఆధార్, రేషన్ కార్డు, పాసుపుస్తకాలు, వారం రోజుల బీపీ, షుగర్ మాత్రలు ఒకే సంచిలో, రెండు ప్లాస్టిక్ కవర్ల లోపల పెట్టండి. ఎనుములకు మెరక మీద తెలిసినవాళ్ల దొడ్డి ఇప్పుడే మాట్లాడుకోండి. ఒక్కోదానికి రోజుకు ఏడెనిమిది కిలోల ఎండుగడ్డి లెక్కన మూడు రోజుల మేత అక్కడ వేసి ఉంచండి. మనుషులకన్నా ముందు అవే కదలాలి, అవి పోతే ఆమె కాపలాకు సగం పని తగ్గుతుంది. తోలుకుపోలేకపోతే పలుపులు విప్పేయండి, కట్టు మీదుంటే ఈదలేవు.

పెద్దావిడ బయటికి చెప్పని కారణం ఇంకొకటి ఉండొచ్చు: శిబిరంలో మరుగుదొడ్డి. బడిలో పదిమంది ముందు వరుసలో నిలబడటం కన్నా ఇంట్లో చావడమే నయమనుకునే ఆడవాళ్లు ఉన్నారు. అందుకే శిబిరం మాట వద్దు, మిట్టన ఉన్న చుట్టాలిల్లు చూడండి. బీగం ఆమె చేతే వేయించండి, బీగంచెవి ఆమె కొంగునే ఉండనివ్వండి.

ఇంటి మీద వాన లేదని ధీమా పనికిరాదు. ఎగువన గాజులదిన్నె ప్రాజెక్టు గేట్లు ఎత్తితే నీళ్లు హంద్రీలోకే వస్తాయి. అదే వేళ హంద్రీ కలిసే తుంగభద్ర నిండుగా ఉంటే హంద్రీ నీళ్లు పోయే దారిలేక ఊళ్లోకి ఎగదన్నుతాయి. పగటిపూటే కదలండి. 2021 నవంబరు 19న రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది తెల్లవారుజామున. చెయ్యేరు ఒడ్డు ఊళ్లకు సర్దుకునే వ్యవధే దొరకలేదు.

మీ ఆయనకు ఒక్కటే చెప్పండి: పిల్లల ప్రయాణానికీ అత్త నిర్ణయానికీ ముడిపెట్టొద్దు. మొదటి హెచ్చరికకే మీరు పిల్లలతో బయల్దేరండి, అలక అనుకున్నా సరే. ఆయన ఆగితే మెయిన్ స్విచ్, గ్యాస్ కట్టేసి, తాగునీళ్లు, మాత్రలు, టార్చితో అమ్మను ముందే మిద్దె ఎక్కించి 112కు ఫోన్ చేయాలి. నీళ్లు వచ్చాక దాటే ప్రయత్నం మాత్రం వద్దు. జోరుగా పారే నీరు జానెడు లోతున్నా నిలబడ్డ మనిషిని పడేయగలదు.