అమెరికాలో జాతి వివక్ష ఇప్పుడు నిజంగా తగ్గిందా?

తగ్గింది, కానీ చట్టంలో తగ్గినంతగా బతుకులో తగ్గలేదు. అట్లాంటా శివార్లలో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను కాబట్టి ఇక్కడ చూసింది చెప్తాను.

ముందు మన సంగతి. 1923లో ఇక్కడి సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ అనే సిక్కు వ్యక్తి కేసులో భారతీయులు తెల్లవాళ్ళ లెక్కలోకి రారు, పౌరసత్వం కుదరదు అని తేల్చేసింది. 1946లో కాస్త సడలించారు గానీ, భారత్ నుంచి ఏడాదికి 100 మందినే రానిచ్చారు. మనవాళ్ళు ఇంతమంది రాగలిగింది 1965 ఇమ్మిగ్రేషన్ చట్టం వల్ల, అదీ అలబామా రాష్ట్రంలోని సెల్మా ఊళ్ళో ఓటు హక్కు కోసం నడిచిన నల్లజాతివాళ్ళు వంతెన మీద పోలీసుల లాఠీదెబ్బలు తిన్న ఏడాదే వచ్చింది. వాళ్ళ ఉద్యమం వల్ల 1964లో పౌరహక్కుల చట్టం వచ్చాక, పుట్టిన దేశాన్ని బట్టి మనుషుల్ని ఆపే పాత కోటాలను సమర్థించుకోవడం కష్టమైపోయింది. "మనం కష్టపడి పైకొచ్చాం కదా, వాళ్ళకేమైంది" అని పార్టీల్లో ఎవరైనా అంటే నేను ఊరుకోను, ఇదంతా చెప్తాను.

ఇక మిగిలిన పని. మా టీమ్‌లో ఒక నల్లజాతి ఆవిడ ఇల్లు రీఫైనాన్స్ చేయిస్తూ (అంటే పాత ఇంటి అప్పు తీర్చడానికి కొత్త అప్పు తీసుకుంటూ), ధర కట్టే మనిషి వచ్చే ముందు రోజు గోడల మీదున్న కుటుంబం ఫొటోలన్నీ తీసి దాచేసింది. ఫొటోలు చూస్తే ధర తగ్గించేస్తారట. అదే పనికి మా ఇంటికి మనిషి వచ్చినప్పుడు నేను పూజగది తలుపు కూడా వెయ్యలేదు, అలాంటి ఆలోచనే రాలేదు. ఇళ్ళ విషయంలో వివక్ష చూపకూడదని 1968లోనే చట్టం ఉంది. కానీ 1930ల్లో ప్రభుత్వ సంస్థే మ్యాపుల్లో నల్లజాతివాళ్ళ పేటలకు ఎర్ర రంగు వేసి అప్పులకు పనికిరావని ముద్ర కొట్టింది, తరాల తరబడి ఇల్లే కొననివ్వకపోతే పిల్లలకి మిగిల్చేది ఏముంటుంది? ఇక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 2022 సర్వేలో తెల్లవాళ్ళ కుటుంబాల మధ్యస్థ సంపద 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబాలది 44,900.

2017లో కాన్సస్‌లో శ్రీనివాస్ కూచిభొట్లను "నా దేశం నుంచి పో" అని అరిచి కాల్చి చంపినప్పుడు మనం ఎంత వణికిపోయామో గుర్తుందిగా. పిల్లాడు బయటికెళ్తే తిరిగొచ్చేదాకా టెన్షన్ అని నాతో చెప్పిన నల్లజాతి తల్లులకి అది రోజూ ఉండే భయం.

అయినా మన గ్రూపుల్లో ఇల్లు కొనేవాళ్ళ మొదటి ప్రశ్న "ఆ ఏరియాలో నల్లవాళ్ళు ఎక్కువా" అనే. ఎవరైనా అలా అడిగితే, ఒక ఆదివారం అక్కడికి వెళ్ళి పక్కింటివాళ్ళతో మాట్లాడి రండి అంటాను. ఒకరిద్దరు వెళ్ళి, నచ్చి, అక్కడే కొన్నారు. చాలామంది మాత్రం వెళ్ళను కూడా వెళ్ళరు.