ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా హిమోగ్లోబిన్ ఎందుకు పెరగదు?

మూడు నెలలుగా వాడుతున్నా హిమోగ్లోబిన్ 10 గ్రాములు దాటకపోతే, ముందు వేసుకునే తీరు చూడండి. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్ర ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. మధ్యలో రెండు గంటల ఎడం ఉంచండి. పరగడుపున నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే బాగా పడుతుంది. కడుపులో తిప్పితే తిన్నాక వేసుకోండి గానీ మానేయకండి. విరేచనం నల్లగా అవడం మామూలే. మాత్ర పనిచేస్తుంటే నెలకు కనీసం 1 గ్రాము పెరగాలి.

పెరగలేదా? నెలసరిలో అధిక రక్తస్రావం, మొలలు, కొంకిపురుగులు ఉన్నాయేమో చూపించుకోండి.

అవీ లేకపోతే సి.బి.పి. (రక్తకణాల పూర్తి లెక్క) రిపోర్టు తీయండి. ఎం.సి.వి. (ఎర్రకణం సగటు పరిమాణం) అంకెను ఆర్‌.బి.సి. కౌంటుతో (ఎర్రకణాల సంఖ్య, మిలియన్లలో) భాగించండి. ఉదాహరణకు 62ను 5.6తో భాగిస్తే 11. ఇలా 13 కంటే తక్కువొస్తే, వంశపారంపర్యంగా వచ్చే, ఐరన్ మాత్రలతో తగ్గని స్వల్ప రక్తలోపమైన తలసీమియా మైనర్‌ను అనుమానించాలి: ఎర్రకణాలు చిన్నవి, సంఖ్యలో మాత్రం ఎక్కువ. ఇది అనుమానం మాత్రమే. ఫెర్రిటిన్‌తో పాటు హెచ్‌.పి.ఎల్‌.సి. పరీక్ష చేయించండి. మొదటిది ఒంట్లో ఐరన్ నిల్వను, రెండోది హిమోగ్లోబిన్ రకాలను చూపిస్తుంది. మైనర్ ఉంటే రెండో పరీక్షలో హిమోగ్లోబిన్ ఎ2 అనే రకం సాధారణంగా 3.5 శాతం దాటుతుంది. ఐరన్ లోపం కూడా ఉంటే ఈ ఎ2 అంకె తగ్గి కనిపించి మోసం చేస్తుంది, అందుకే రెండూ కావాలి.

మైనర్ అని తేలితే భార్యాభర్తలిద్దరూ తప్పక పరీక్ష చేయించుకోండి. ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు తలసీమియా మేజర్ (తరచూ రక్తం ఎక్కించాల్సిన తీవ్ర రూపం) వచ్చే అవకాశం 25 శాతం.