తిరుపతిలో జర్మన్ దొరల్ని యుద్ధమప్పుడు పట్టుకెళ్లారా?

"తిరుపతిలో జర్మన్ పాదిరీలు ఉండేవాళ్లంట, యుద్ధమప్పుడు ఇంగ్లీషోళ్లు క్యాంపుల్లో పెట్టేశారంట, శరణార్థుల్ని కూడా వదల్లేదంట, నిజమేనా?" అని అడిగారు. నిజమే. మా అవ్వ వాళ్ల నాయన ఆ దొరల బంగళాలోనే వంట చేసేవాడు.

హెర్మన్స్‌బర్గ్ మిషన్ అని, జర్మన్ లూథరన్లది. 1865లో మన వైపు వచ్చారు. నాయుడుపేట, గూడూరు, శ్రీకాళహస్తి, తిరుపతి, అన్నిచోట్లా వాళ్ల బళ్లు, బంగళాలు ఉండేవి. 1914లో యుద్ధం రాగానే శత్రుదేశం వాళ్లయిపోయారు. పోరాడే వయసున్న జర్మన్ మగవాళ్లని అహ్మద్‌నగర్ క్యాంపుకు తోలారు. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లని చాలామందిని 1915-16లో కలకత్తాలో గోల్కొండ అనే ఓడ ఎక్కించి పంపేశారు.

"పోలీసోళ్లు కొట్టలా, తిట్టలా. కాగితం చూపించి బండెక్కించినారు, అంతే" అని చెప్తా ఉండేది అవ్వ. దొరసాని గోధుమపిండిలో ఇంత కల్లు పోసి రాత్రంతా పులియబెట్టించేదంట, పొద్దున్నే రొట్టె కాల్చేదానికి. ఆ పని మా ముత్తాతకి చేతికొచ్చింది గానీ, తర్వాత ఆ రొట్టె అడిగే నాథుడేడీ! రావాల్సిన జీతం సంగతి సరేసరి. మిషన్ అమెరికాలోని ఒహాయో లూథరన్ల చేతికి పోయింది. ఇప్పుడు మీరు చూసే దక్షిణాంధ్ర లూథరన్ చర్చి అదే.

ఇక శరణార్థులు. రెండో యుద్ధంలో ఇంకా అన్యాయం. హిట్లర్‌కి భయపడి ఇండియాకి పారిపోయొచ్చిన యూదుల్ని కూడా జర్మన్ పాస్‌పోర్టు ఉందని పట్టుకున్నారు. విచారించి కొందర్ని వదిలేశారు, కొందరు ఏళ్ల తరబడి లోపలే ఉన్నారు. డెహ్రాడూన్ క్యాంపులో నాజీలకీ వీళ్లకీ వేరువేరు కంచెలు వేయాల్సొచ్చింది. 1944లో అక్కడినుంచి తప్పించుకుని టిబెట్ చేరిన ఆస్ట్రియా పర్వతారోహకుడు హైన్రిష్ హారర్ పేరు అందరికీ తెలుసు. ఆ కంచెల వెనకున్న యూదు డాక్టర్ల పేర్లు ఎవరికి గుర్తు?

తెల్లోళ్ల పని కదా అనుకునేరు. 1962లో చైనా యుద్ధమప్పుడు మన ప్రభుత్వమే అస్సాం, డార్జిలింగ్ వైపు నుంచి సుమారు 3,000 మంది చైనా సంతతి వాళ్లని రాజస్థాన్‌లోని దేవ్‌లీ క్యాంపుకు రైళ్లలో తోలింది. రెండో యుద్ధంలో జపాన్ వాళ్లని పెట్టిందీ అక్కడే. ఆ చైనా సంతతి వాళ్లలో చాలామంది ఇక్కడే పుట్టినవాళ్లు, హిందీ, అస్సామీ మాట్లాడేవాళ్లు. కొందర్ని ఏళ్లు గడిచాక గానీ వదల్లేదు. వెనక్కెళ్లి చూసుకుంటే ఇళ్లూ అంగళ్లూ వేలంలో పోయున్నాయి.