కార్నర్ ప్లాట్‌లో లిఫ్టు వెనక మూలన పెడితే బిల్డింగ్ మెలి తిరుగుతుందా?

విజయవాడలో కార్నర్ ప్లాట్, రెండు పక్కలా రోడ్డు, స్టిల్ట్ పార్కింగ్ మీద నాలుగు అంతస్తులు, లిఫ్టు వెనక మూలన. ప్లాన్ చూసిన ఇంజనీరు "భూకంపం వస్తే ఇది మెలి తిరుగుతుంది" అన్నారు, మేస్త్రీ ఏమో "మన దగ్గర భూకంపాలేంటండీ" అని నవ్వాడు, ఎవరి మాట వినాలి అని అడిగారు. ఇంజనీరు మాటే వినండి. నేను కళ్లారా చూశాను కాబట్టి చెప్తున్నా.

2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చేనాటికి నేను అహ్మదాబాద్‌లో ఒక స్ట్రక్చరల్ కన్సల్టెంట్ దగ్గర కొత్తగా చేరిన కుర్రాణ్ణి. భూకంప కేంద్రం అక్కడికి 200 కిలోమీటర్ల పైనే, అయినా ఊళ్లో స్టిల్ట్ అపార్ట్‌మెంట్లు చాలా కూలాయి. ఆ తర్వాత కొన్ని వారాలు నిలబడిన బిల్డింగుల్ని చూసి రాసుకురావడమే నా పని. వాటిలో ఒకటి అచ్చం మీ ప్లాన్ లాంటిదే: కింద కార్లు, వెనక మూలన లిఫ్టు, దాని చుట్టూ కాంక్రీటు గోడలు. లిఫ్టు పక్క పిల్లర్లకి వెంట్రుకంత పగుళ్లు, అంతే. రోడ్డు వైపు మూల పిల్లరు దగ్గరికి వెళ్తే బీమ్ కింద కాంక్రీటంతా రాలిపోయి, చువ్వలు ఉబ్బి బయటికి వంగి, రింగులు విచ్చుకుని ఉన్నాయి. ఆ రింగుల కొసల్ని 135 డిగ్రీలు లోపలికి వంచకుండా ఊరికే మడిచి వదిలేశారు, అది వేరే కథ. ఒకే కాంక్రీటు, ఒకే మేస్త్రీ, కానీ ఒక మూలకి ఏమీ కాలేదు, ఎదురు మూల చావు తప్పి నిలబడింది.

ఎందుకంటే, నేల కదిలినప్పుడు పైనున్న స్లాబుల బరువు ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. ఆ బరువుకి కేంద్రం దాదాపు స్లాబు నడిమధ్య ఉంటుంది, దీన్నే సెంటర్ ఆఫ్ మాస్ అంటాం. కదలికని అడ్డుకునేవి పిల్లర్లూ గోడలూ, వాటి గట్టిదనమంతటికీ కేంద్రం సెంటర్ ఆఫ్ రిజిడిటీ. లిఫ్టు గోడలు పిల్లర్ల కంటే చాలా గట్టివి కాబట్టి ఈ రెండో కేంద్రం వాటి వైపు జరిగిపోతుంది. ఎడ్లబండికి ఒక ఎద్దు మొరాయించి రెండోది లాగుతుంటే బండి మొరాయించిన ఎద్దు వైపు తిరిగిపోతుంది కదా, ఇక్కడా అంతే. తిరిగేటప్పుడు దూరంగా ఉన్న పిల్లరే ఎక్కువ జరగాలి, అందుకే దెబ్బ దానికి.

భూకంపాలకి బిల్డింగ్ ఎలా డిజైన్ చెయ్యాలో చెప్పే మన దేశపు కోడ్, ఐఎస్ 1893, కూడా దీన్ని లెక్కేస్తుంది. ప్లాన్ 12 మీటర్లు, రెండు కేంద్రాల మధ్య దూరం 2 మీటర్లు అనుకోండి, దాని 2016 ప్రతి ప్రకారం ఆ దూరాన్ని 1.5 రెట్లు చేసి, ప్లాన్ కొలతలో 5 శాతం కలిపి, దూరం 3.6 మీటర్లు ఉన్నట్టు లెక్కేసి డిజైన్ చెయ్యాలి.

అసలు మోసం ఇటుక గోడల దగ్గర ఉంది. చాలామంది కంప్యూటర్‌లో పిల్లర్లు, బీములే గీస్తారు, గోడల్ని బరువుగా మాత్రమే వేస్తారు, వాటి గట్టిదనం లెక్కలోకి రాదు. కార్నర్ ప్లాట్‌లో పక్కింటి వైపు రెండు పక్కలా నిండు గోడ, రోడ్ల వైపు షట్టర్లో ఖాళీయో. కాగితం మీద బిల్డింగ్ చక్కగా సమానంగా ఉంటుంది, కట్టాక ఉండదు. 1985లో మెక్సికో సిటీలో ఇలాంటి కార్నర్ బిల్డింగులు బాగా దెబ్బతిన్నాయి.

ఇక మేస్త్రీ గారి మాట. 2016 కోడ్ మ్యాప్‌లో విజయవాడ, అహ్మదాబాద్ రెండూ జోన్ 3లోనే, అంటే ఒక మోస్తరు భూకంప ప్రమాదం ఉన్న ప్రాంతంలోనే ఉన్నాయి. 2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చింది మీకూ తెలిసే ఉంటుంది.

గుంటూరులో మా బాబాయి ఇల్లు కట్టేటప్పుడు ఇదే గొడవ. మోడల్ రన్ చేస్తే మొదటి మోడే మెలి తిరగడం, అంటే కదిలిస్తే అది అన్నిటికంటే తేలిగ్గా చేసే పని అదే. లిఫ్టు ముందుకి తెద్దామంటే "ఎలివేషన్ పాడవుతుంది రా" అన్నాడు. సరే, లిఫ్టు అక్కడే ఉంచి, రోడ్ల వైపు మూలన ఎల్ ఆకారంలో కాంక్రీటు గోడ పునాది నుంచి పైదాకా లేపాం. ఆ వైపు రెండు 12×24 అంగుళాల పిల్లర్లని అడ్డం తిప్పాం. పిల్లరుని అలా తిప్పితే ఒక దిక్కున గట్టిదనం నాలుగింతలవుతుంది, రెండో దిక్కున అంతే తగ్గుతుంది, కాబట్టి ఎన్ని తిప్పాలో లెక్క చూసుకోవాలి. తర్వాత మెలి మూడో మోడ్‌కి వెళ్లింది, మొదటి రెండూ నేరుగా ఊగడమే. (9 అంగుళాల పిల్లర్లు చాలు అని ఎవరైనా అంటే వినకండి, భూకంపాలకి కాంక్రీటు, ఇనుము ఎలా వెయ్యాలో చెప్పే ఐఎస్ 13920 కోడ్ ప్రకారం కనీసం 300 మిల్లీమీటర్లు ఉండాలి.)

మీ ఇంజనీరుని రెండు అడగండి: ఇటుక గోడలు మోడల్‌లో పెట్టారా, మొదటి రెండు మోడ్‌లలో మెలి ఉందా? ఉంటే ముందు ప్లాన్ మార్పించండి, ఇనుము పెంచడం తర్వాత. పార్కింగ్‌లో ఒక కారు చోటు పోతుంది, బాబాయి ఇప్పటికీ సణుగుతూనే ఉంటాడు.