డబ్బా మార్చేముందు లెక్క చూడండి

ప్రశ్న: మా బాబు 31 వారాలకే 1,400 గ్రాములతో పుట్టాడు. ఇప్పుడు ఆరు వారాలు నిండి 2,200 గ్రాములున్నాడు. నాకు పాలు చాలక, నెలలు నిండని పిల్లల కోసం డిశ్చార్జి తర్వాత వాడే ఫార్ములా (డబ్బా పాలపొడి) రాసిచ్చారు. మూడు గంటలకోసారి 60 మి.లీ. పడుతున్నాను. తాగిన కాసేపటికే కొంత కక్కేస్తున్నాడు. పొట్ట ఉబ్బుతుంది, తేన్పు వస్తే తగ్గుతుంది. ఈ పాలు పడట్లేదు, లాక్టోజ్ (పాలలోని చక్కెర) లేనివి పట్టమని మా అత్తయ్య అంటున్నారు. మార్చమంటారా?

జవాబు: ఇప్పుడే మార్చకండమ్మా. రోజుకు ఎనిమిదిసార్లు 60 అంటే 480 మి.లీ. దాన్ని 2.2 కిలోలతో భాగిస్తే కిలోకు దాదాపు 218 మి.లీ. అయింది. ఈ పిల్లలకు మామూలుగా కిలోకు 150–180 మి.లీ. చాలు. ఆ లెక్కన మీ వాడికి రోజుకు 330–400, అంటే పూటకు 41–50 మి.లీ. ఇది పాలు పడకపోవడం కాదు, పొట్ట పట్టకపోవడం. పైగా అన్నవాహిక చివర ఉండే బిగువు ఈ పిల్లల్లో ఇంకా వదులే, నిండితే వెనక్కి తన్నుతుంది. మీ డాక్టరుకు ఈ లెక్క చూపించి పూటకు 45 దగ్గరికి తెచ్చుకోండి. బరువు పెరిగేకొద్దీ మళ్లీ లెక్కకట్టాలి.

రెండోది వేగం. పీల్చడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ జతకూడటం గర్భం లెక్కన 34 వారాల ప్రాంతంలో మొదలవుతుంది, కుదురుకోవడానికి ఇంకొన్నాళ్లు పడుతుంది. సీసా అయిదు నిమిషాల్లో ఖాళీ అయితే పాలతోపాటు గాలీ మింగినట్టే. సన్న ధార వచ్చే నిపుల్ వాడండి. తల కాస్త ఎత్తులో ఉండేలా బిడ్డను ఒక పక్కకు ఒత్తిగిలించి పట్టండి, నాలుగైదు గుటకలకోసారి సీసా కిందికి వంచి ఊపిరి తీసుకోనివ్వండి. పూటకు 20 నిమిషాలు పట్టినా తొందరపడొద్దు. అరగంట దాటుతుంటే మాత్రం అలసిపోతున్నాడని అర్థం. తాగేటప్పుడు పెదాలు నీలంగా మారితే వెంటనే ఆపేయాలి.

ఇక లాక్టోజ్ సంగతి. దాన్ని అరిగించే ఎంజైమ్ నెలలు నిండని పిల్లల్లో తక్కువే. అందుకే వీళ్ల ఫార్ములాల్లో లాక్టోజ్ కొంత తగ్గించి, ఆ లోటు గ్లూకోజ్ పాలిమర్లతో (తేలిగ్గా అరిగే గ్లూకోజ్ గొలుసులతో) పూడుస్తారు. అత్తయ్యగారి అనుమానానికి మందు సగం ఆ డబ్బాలోనే ఉందన్నమాట! మామూలు లాక్టోజ్ లేని డబ్బాలో 100 మి.లీ.కి 67 కేలరీల చొప్పున ఉంటాయి, మీరు వాడే రకంలో 74 వరకూ. అంతకంటే ముఖ్యంగా ప్రొటీను, కాల్షియం, ఫాస్ఫరస్ తేడా. ఎముకలు గట్టిపడాల్సిన రోజుల్లో అవి తగ్గడం నష్టం. సోయా అసలు వద్దు, అందులోని ఫాస్ఫరస్ సరిగా ఒంటబట్టదు.

విరేచనంలో జిగురుతో నెత్తుటి చారలు పదేపదే కనిపిస్తే ఆవుపాల ప్రొటీను పడట్లేదేమోనని చూస్తారు. అప్పుడు ఇచ్చేది ప్రొటీను బాగా విడగొట్టిన ఫార్ములా, అదీ డాక్టరు చెబితేనే. ఐరన్ వల్ల విరేచనం ఆకుపచ్చగా రావడం జబ్బు కాదు. ఆకుపచ్చ పసరు వాంతి అయినా, పొట్ట బిగుసుకుని మెరుస్తున్నా, నెత్తురు పడినా, బిడ్డ వడలిపోయినా, ఊపిరి ఆగి ఆగి వస్తున్నా పాలు పట్టడం ఆపి ఆ గంటలోనే ఆస్పత్రికి చేరాలి. పేగు దెబ్బతినే జబ్బు ఇలాగే మొదలవుతుంది.

మీకు వచ్చే పాలు కొద్దిగానే అయినా పిండి పట్టండి. ఈ పిల్లల పేగుకు అంతకంటే తేలికైనవి లేవు.

ప్రశ్న: మా పాప నెలలు నిండకుండా పుట్టింది. త్వరగా ఒళ్లు చేయాలని అర స్కూపు పొడి ఎక్కువ వేయొచ్చా?

జవాబు: వద్దు. చిక్కటి పాలు పేగులోకి నీటిని లాగుతాయి, మూత్రపిండాల మీద భారం వేస్తాయి, బిడ్డ ఒంట్లో నీరు తగ్గుతుంది. పలచన చేస్తే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. కేలరీలు పెంచాల్సివస్తే ఎంత పొడికి ఎంత నీళ్లో డాక్టరే కాగితం మీద రాసివ్వాలి.

కొలత ఇలా: ముందు నీళ్లు, తర్వాత పొడి. ఆ డబ్బాతో వచ్చిన స్కూపే వాడాలి, పొడిని అదమకుండా అంచుకు సమంగా గీయాలి. వేరే డబ్బా స్కూపు పనికిరాదు. పొడి క్రిమిరహితం కాదు, క్రోనోబాక్టర్ అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. కాచిన నీళ్లు 70 డిగ్రీలకు తగ్గకముందే, అంటే దించిన అరగంటలోపే కలపాలి. గోరువెచ్చగా చల్లార్చి పట్టాలి. కలిపి రెండు గంటలు దాటితే, సీసాలో మిగిలితే పారబోయాల్సిందే. బరువు రోజూ చూడొద్దు. వారానికోసారి ఒకే కాటా మీద, బట్టలు లేకుండా తూచి సగటున రోజుకు 20–30 గ్రాములు పెరిగితే చాలు.

ప్రశ్న: కక్కకుండా పాలను చిక్కబరిచే పొడి కలపవచ్చా?

జవాబు: సొంతంగా కలపొద్దు. శాంతన్ గమ్ అనే జిగురుతో చేసిన అలాంటి పొడి 37 వారాలకు ముందే పుట్టిన పిల్లలకు ఇవ్వొద్దని అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లోనే హెచ్చరించింది. కారణం పైన చెప్పిన పేగు జబ్బే.