‘ఈజీ టు ప్లీజ్’, ‘ఈగర్ టు ప్లీజ్’: టు ఒకటే, పని చేసేవాళ్లు వేరు

విజయవాడలో బ్యాంకు పరీక్షలకు చదువుతున్నానన్నారు. ‘జాన్ ఈజ్ ఈజీ టు ప్లీజ్’, ‘జాన్ ఈజ్ ఈగర్ టు ప్లీజ్’ అచ్చు ఒకేలా ఉన్నాయి, అర్థం ఎందుకు మారుతోంది అన్నది మీ మొదటి ప్రశ్న. విశేషణం తర్వాత టు ఎప్పుడు, ఐఎన్‌జీ ఎప్పుడు అన్నది రెండోది. నేను ఇంగ్లీషు మాస్టారిని కాదు. గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక ఎగుమతి ఆఫీసులో బయటి దేశాల పార్టీలకు మెయిళ్లు రాయడం నా పని. ఇలాంటి వాక్యాలు రోజూ చేతికింద నలుగుతుంటాయి కాబట్టి జవాబిస్తున్నాను.

కోచింగ్ మెటీరియల్‌లో విశేషణాల జాబితాలు ఇచ్చి బట్టీ పట్టమంటారు. నాకు దానిమీద నమ్మకం లేదు. టు తర్వాత ఉన్న పని ఎవరు చేస్తున్నారు అని అడిగి చూడండి, సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

మీ వాక్యాలనే తెలుగులో అనుకోండి. మొదటిది ‘జాన్‌ను మెప్పించడం తేలిక’. మెప్పించేది వేరేవాళ్లు, జాన్ మెచ్చుకునేవాడు. రెండోది ‘జాన్‌కు ఎదుటివాళ్లను మెప్పించాలని ఆరాటం’. ఇక్కడ మెప్పించేది జానే. తెలుగులో ‘ను’, ‘కు’ అనే చిన్న ముక్కలు ఎవరి పాత్ర ఏమిటో బయటపెట్టేస్తాయి. ఇంగ్లీషులో ఆ ముక్కలు ఉండవు, జాన్ రెండుచోట్లా దర్జాగా వాక్యం మొదట్లో కూర్చుంటాడు. భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ 1960ల్లో ఈ జంటనే పట్టుకుని, పైకి ఒకేలా కనిపించే వాక్యాల లోపలి కట్టడం వేరుగా ఉండొచ్చని చూపించాడు.

ఆయన భార్య కెరోల్ చామ్‌స్కీ 1969లో ప్రచురించిన పరిశోధన ఇంకా సరదాగా ఉంటుంది. ఆవిడ ఇంగ్లీషు మాట్లాడే పిల్లల ముందు కళ్లకు గంతలు కట్టిన బొమ్మను పెట్టి, ఈ బొమ్మ ‘ఈజీ టు సీ’నా, ‘హార్డ్ టు సీ’నా అని అడిగింది. చిన్నపిల్లల్లో కొందరు ‘హార్డ్’ అన్నారు. బొమ్మ కళ్లు మూసేశారుగా, దానికి ఏం కనిపిస్తుంది అని వాళ్ల లెక్క! చూసేది బొమ్మ కాదు, మనం. పుట్టినప్పటినుంచి ఇంగ్లీషు విన్న పిల్లలకే ఈ కట్టడం ఆలస్యంగా పట్టుబడుతుంది, మీరు కంగారుపడక్కర్లేదు.

ఇప్పుడు మన ఆఫీసుకు రండి. కొత్తగా చేరిన ఒకబ్బాయి బంగ్లాదేశ్ పార్టీకి మెయిల్ తయారుచేశాడు: ‘వుయ్ ఆర్ డిఫికల్ట్ టు సప్లై తేజ దిస్ వీక్’. ఈ వారం తేజ రకం మిర్చి పంపడం మాకు కష్టం అని వాడి ఉద్దేశం. కానీ ‘డిఫికల్ట్’ కూడా ‘ఈజీ’ జాతిదే. దానికి ముందున్న మనిషి పని చేసేవాడు కాదు, పని జరిగేది అతని మీద. అంటే చదివేవాడికి ‘మాకు సరుకు అందించడం కష్టం, మేము అంత తిక్క మనుషులం’ అని తోస్తుంది. ‘ఇట్ ఈజ్ డిఫికల్ట్ ఫర్ అజ్ టు సప్లై తేజ దిస్ వీక్’ అని మార్చి పంపాం. ఈజీ, హార్డ్, డిఫికల్ట్, టఫ్, సేఫ్, డేంజరస్, కన్వీనియెంట్ ఇవన్నీ ఒక గుంపు. పని చేసేవాళ్లను చెప్పాలంటే మొదట ‘ఇట్ ఈజ్’ పెట్టి, వాళ్లను ‘ఫర్’ తర్వాత తెచ్చుకుంటే సరిపోతుంది.

ఈ గుంపుతో మనవాళ్లు ఎక్కువగా తడబడేది వాక్యం చివర. తెలుగులో అనుకున్నప్పుడు ‘ని’ వస్తే ఇంగ్లీషులో చివర ఏమీ మిగలదు. ‘ఈ లెక్కని చేయడం తేలిక’ అంటే ‘దిస్ సమ్ ఈజ్ ఈజీ టు డూ’. చివర ‘ఇట్’ తగిలించి ‘ఈజీ టు డూ ఇట్’ అంటే తప్పు, ఎందుకంటే ఆ లెక్క ముందే వాక్యం మొదటికి వెళ్లిపోయింది. అదే తెలుగులో ‘తో’, ‘మీద’, ‘లో’ వస్తే, దానికి సరిపోయే ఇంగ్లీషు ముక్క చివర ఉండి తీరాలి. ‘ఆయనతో మాట్లాడటం తేలిక’ అంటే ‘హీ ఈజ్ ఈజీ టు టాక్ టు’. ‘ఆ పార్టీ మీద ఆధారపడటం ప్రమాదం’ అంటే ‘దట్ పార్టీ ఈజ్ రిస్కీ టు డిపెండ్ ఆన్’. ‘ఈ కుర్చీలో కూర్చుంటే హాయి’ అంటే ‘దిస్ చైర్ ఈజ్ కంఫర్టబుల్ టు సిట్ ఇన్’. తోక మిగిలినట్టు కనిపిస్తుందని చాలామంది కోసేస్తారు. వాక్యంలో తప్పు పట్టే ప్రశ్నల్లో ఇవి రెండూ చూసుకోవాలి: అక్కర్లేని ‘ఇట్’, మాయమైన ‘టు’, ‘ఆన్’, ‘ఇన్’.

ఇక్కడో విడ్డూరం. ‘హీ ఈజ్ ఇంపాజిబుల్ టు కన్విన్స్’ చక్కని ఇంగ్లీషు. ‘హీ ఈజ్ పాజిబుల్ టు కన్విన్స్’ మాత్రం అనరు, ‘ఇట్ ఈజ్ పాజిబుల్ టు కన్విన్స్ హిమ్’ అనాల్సిందే. అలాగే ‘హీ ఈజ్ లైక్లీ టు కమ్’ సరే, ‘హీ ఈజ్ ప్రాబబుల్ టు కమ్’ తప్పు. దీనికి తర్కం వెతికి టైమ్ వృథా చేసుకోకండి.

‘రెడీ’ రెండు వైపులా ఆడుతుంది. ‘వుయ్ ఆర్ రెడీ టు షిప్’ అంటే పంపేది మేము. ‘ద గూడ్స్ ఆర్ రెడీ టు షిప్’ అంటే పంపబడేది సరుకు. ‘ద చికెన్ ఈజ్ రెడీ టు ఈట్’ అన్నది వ్యాకరణ పాఠాల్లో పాత జోకు: కోడి గింజలు తింటుందా, మనం కోడిని తింటామా? ‘కోడి తినడానికి రెడీ’ అన్నా అదే తికమక వస్తుంది. ఇక్కడ మాత్రం తెలుగు కూడా మనల్ని ఆదుకోదు.

ఇక ఈగర్, విల్లింగ్ లాంటి మనసుకు సంబంధించిన మాటల్లో పని చేసేది మొదట ఉన్న మనిషే, గొడవ లేదు. గ్లాడ్, సారీ, సర్‌ప్రైజ్డ్ లాంటివాటిలో టు వెనక కారణం ఉంటుంది. ‘ఐ యామ్ గ్లాడ్ టు హియర్ ఇట్’ని మనం ‘విని సంతోషించాను’ అంటాం, ‘వినడానికి సంతోషం’ అనం. టు కనపడగానే ‘-డానికి’ అని తెలుగు చేసుకునే అలవాటు ఇక్కడ దెబ్బతీస్తుంది.

‘హీ ఈజ్ షూర్ టు కమ్’ దగ్గర ఆగాలి. ఆ నమ్మకం అతనిది కాదు, చెప్పేవాళ్లది: ‘అతను తప్పకుండా వస్తాడు’. నమ్మకం అతనిదే అయితే ‘హీ ఈజ్ షూర్ దట్ హీ విల్ కమ్’ అనాలి. సర్వీస్ కమిషన్ ఫలితాలు రాకముందే ‘ఐ యామ్ షూర్ టు పాస్’ అని చెప్పుకునేవాళ్లు అరండల్‌పేట టీకొట్ల దగ్గర బోలెడుమంది దొరుకుతారు. వాక్యం మటుకు తప్పు కాదు.

గుణాన్ని మెచ్చుకోవాలన్నా తిట్టాలన్నా ‘ఫర్’ బదులు ‘ఆఫ్’ వస్తుంది. ‘ఇట్ వాజ్ కైండ్ ఆఫ్ యూ టు హెల్ప్’ అంటే కైండ్ అన్నది ‘యూ’కి కూడా వర్తిస్తుంది: మీరు మంచివారు. ‘ఇట్ వాజ్ డిఫికల్ట్ ఫర్ యూ టు హెల్ప్’లో కష్టమైంది పని, మీరు కాదు. మనిషికి అతికితే ఆఫ్, పనికి మాత్రమే అతికితే ఫర్. కైండ్, రూడ్, ఫూలిష్, క్లెవర్ మొదటి రకం.

‘టూ’ గురించి. మా తేజ మిర్చిని సన్నం రకంతో పోలిస్తే కారం బాగా ఎక్కువ. ‘టూ హాట్ టు ఈట్’ అంటే తినలేనంత కారం. తెలుగులో ‘లేనంత’ అని కాదనే మాట స్పష్టంగా ఉంది. ఇంగ్లీషులో ‘నాట్’ ఎక్కడా లేదు, ఆ పని మొత్తం దీర్ఘం ఉన్న ‘టూ’ చేస్తుంది. అందుకే ‘వెరీ హాట్ టు ఈట్’ అంటే ఆ అర్థం రాదు. తినగలం అనాలంటే ‘మైల్డ్ ఎనఫ్ టు ఈట్’. ఎనఫ్ విశేషణం వెనకే రావాలి, ముందు కాదు.

మీ రెండో ప్రశ్నకు పొట్టిగా చెప్తాను. విశేషణం తర్వాత ఆఫ్, ఇన్, ఎట్ లాంటిది వస్తే ఐఎన్‌జీ: ‘కేపబుల్ ఆఫ్ డూయింగ్’, ‘గుడ్ ఎట్ టీచింగ్’. ఏబుల్ మాత్రం ‘ఏబుల్ టు డూ’. ‘ఇంట్రస్టెడ్ ఇన్ లెర్నింగ్’ అంటే నేర్చుకోవాలని ఆసక్తి, ‘ఇంట్రస్టెడ్ టు హియర్’ అంటే ఆ విషయం విన్నాక కలిగే ఆసక్తి. బిజీ, వర్త్‌లకు టు పడదు: ‘బిజీ ప్యాకింగ్’, ‘వర్త్ సీయింగ్’. అఫ్రైడ్‌కు రెండూ వస్తాయి, అర్థం మారుతుంది. సాయంత్రం మీ విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర రోడ్డు దాటడానికి నిలబడితే ఆ తేడా ఇట్టే తెలుస్తుంది. ‘ఐ యామ్ అఫ్రైడ్ టు క్రాస్’ అంటే భయంతో దాటడానికి కాలు కదలడం లేదు. ‘ఐ యామ్ అఫ్రైడ్ ఆఫ్ బీయింగ్ హిట్’ అంటే ఏదైనా గుద్దేస్తుందేమోనని టెన్షన్. మొదటిది నేను చేయాల్సిన పని, రెండోది నా మీదకు వచ్చి పడే ఆపద. వీటిని తారుమారు చేసి ‘అఫ్రైడ్ టు బీ హిట్’ అని ఆప్షన్లలో ఇస్తే దాన్ని కొట్టేసి ముందుకెళ్లండి.